నేల క్రిందనా, స్తంభము మీదనా?

విజయవాడనుండి బందరు కాలువ వెంట తూర్పుగా పోవువారు తలయెత్తి చూచినచో, విద్యుత్ స్తంభములపై కరెంటు తీగలకు కొంత దిగువగా నల్లని సన్నని కేబులొకటి సాగిపోవుట కనబడును. అక్కడక్కడ స్తంభమున కది చుట్టగా చుట్టి కట్టబడి యుండును. పనివారు సగములో వదలి పోయినారని ఆ చుట్టను చూచి విసుగుకొనువారు కలరు. నిజమున కది ముందుచూపుతో దాచిన మిగులు. కేబులు తెగినపుడు దాని కొసలను నేలమీదికి దింపి, నీడపట్టున కూర్చుండి అతుకవలెను. మిగులు లేనిచో కొస క్రిందికి దిగదు.

తీగను నేలలో పాతవలెనా, స్తంభములపై కట్టవలెనా అను తర్కము మన దేశమున మొదటి తంతితోడనే పుట్టినది. 1850-51లో ఓషాగ్నెస్సీ అను వైద్యుడు కలకత్తానుండి డైమండ్ హార్బరు వరకు తంతి మార్గము వేసినపుడు కొంత భాగమును భూమిలోను, కొంత భాగమును స్తంభములపైనను నడిపెను. భూమిలో వేసిన ఇనుప కడ్డీకి కీలులో ముంచిన మదరాసు గుడ్డను చుట్టి, ఇంటికప్పు పెంకుల వరుసలో పరపించెనట! నాటి ఉపాయము చూచి మనము నవ్వుకొనవచ్చును గాని, నీరు చొరకుండవలెను, బరువు పడకుండవలెను అను ఆ రెండు చింతలే నేటి ఇంజనీర్లవియు.

కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్నకు గట్టి జవాబు చెప్పినది 1977 నవంబరు 19. ఆనాటి తుపానుకు, ఉప్పెనకు దివిసీమలో అధికారపు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. స్తంభములు కూలినవి, తీగలు తెగినవి, దారులు మునిగినవి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతముల గోడు బయటి లోకమునకు వెంటనే అందలేదు. సహాయము కోరుటకైనను ఒక తీగ నిలిచి యుండవలెను గదా.

అప్పటి తీగలు రాగివి, ఇనుమువి. మాటను గాజులో పంపవచ్చునను ఆలోచన అప్పటికే లోకమున రూపుదాల్చినది. 1966లో ఇంగ్లండులో పనిచేయుచున్న చార్లెస్ కావో, తన సహచరుడు హాక్‌హామ్‌తో కలిసి, గాజులోని మలినములను తొలగించినచో వెలుగు కిలోమీటర్ల దూరము పోగలదని నిరూపించెను. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీవారు అట్టి గాజును తయారుచేసిరి. మన దేశమున పూనాలో 1979లో టెలిఫోను ఎక్స్ఛేంజీల నడుమ ఇది మొదట ప్రయోగింపబడినది. కావోకు నోబెలు బహుమానము 2009లో గాని రాలేదు.

ఈ తంతువు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. వెలుగు నడచు నడిమి దారి మిల్లీమీటరులో నూరవ వంతు కంటెను తక్కువ. ఇంత సున్నితమైన దానిని మన నేలలో పాతుట ఎట్లు? డెల్టా మన్ను రైతునకు బంగారమే గాని కేబులుకు కాదు. వేసవిలో నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చును, వానలకు ఉబ్బును, అడుగున నీరు ఊరును. అందుచేత కేబులును తిన్నగా మట్టిలో వేయరు. 165 సెంటీమీటర్ల లోతున కందకము త్రవ్వి, మొదట ప్లాస్టిక్ గొట్టమును పరతురు. తరువాత కంప్రెసరుతో గాలిని కొట్టి కేబులును లోపలికి ఊదుదురు. గాలిమీద తేలుచు అది కిలోమీటరుకు మించి పోవును. తాడు కట్టి బలముగా లాగుట కంటె ఇది గాజునకు క్షేమము. లాగవలసి వచ్చినచో కేబులు మందమునకు ఇరువదింతల వ్యాసార్ధము కంటె బిగువుగా వంచరాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ వంటివి అడ్డు వచ్చినచోట వంతెన ప్రక్కన ఇనుప గొట్టములో దాటింతురు.

ఇంత చేసినను నేలలో శత్రువులు కలరు. పందికొక్కు ఒకటి, జేసీబీ రెండవది. మొదటిదానికి కేబులుపై ఉక్కు కవచము కలదు; రెండవదానికి ఏదియు లేదు. ఒకమారు నగరములో మురుగుకాలువకై త్రవ్వుచుండగా కేబులు తెగి, ఒక సభాస్థలినుండి మేము వినిపించుచున్న కార్యక్రమము నడుమ ఆగిపోయినది. పాటల రికార్డు పెట్టి శ్రోతలను మన్నింపు కోరితిమి. అతుకు పడునప్పటికి సభ ముగిసినది.

2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించి, ఊరూరికి గాజు తంతువును చేర్చ సంకల్పించినపుడు రెండవ దారి పట్టినది. నేల త్రవ్వించినచో వేలకోట్లగును, ఏండ్లు పట్టును. విద్యుత్ స్తంభములు అంతటను నిలిచియే యున్నవి. దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబులును వానిపై 333 కోట్ల రూపాయల అంచనాతో నడిపించిరి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ వెలగపూడిలో దీనిని ప్రారంభించిరి.

కరెంటు తీగల చెంత కేబులు ఎట్లుండును అని అడుగవచ్చును. దానిలో లోహమే లేదు. ఉక్కునకు మారుగా అరమిడ్ అను బలమైన నార దాని బరువును మోయును. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు గనుక కరెంటు తీగల పొరుగు దాని కాటంకము కాదు. పనివానికి మాత్రము ప్రమాదమే. సరఫరా నిలిపితిరని రూఢిచేసికొనక స్తంభ మెక్కరాదు.

మా అభిప్రాయమున ఆనాటి నిర్ణయము ఖర్చు విషయమున తెలివైనదే; సముద్రతీరమున మాత్రము అసంపూర్ణము. తుపానునకు స్తంభము కూలినచో వెలుతురును మాటను ఒక్కసారే పోగొట్టుకొందుము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖకు ఈ పాఠమే చెప్పినది. కనుక దివిసీమ వంటి చోట్ల మండల కేంద్రము వరకైనను ఒక దారి నేల క్రిందను, ఒకటి స్తంభముల మీదను, వేర్వేరు గట్ల వెంట పోయి కలియునట్లు ఉండవలెను. ఖర్చు పెరుగుననుట నిజమే. ఆ ఖర్చును 1977తో సరిచూడవలెను.

ఇక ఇంటిలోని సంగతి. వీధి స్తంభమునుండి వచ్చిన తంతువు గోడలో రంధ్రముగుండ లోనికి వచ్చును. ఆ రంధ్రము లోపలినుండి బయటికి వాలుగా ఉండవలెను. లేనిచో వాననీరు కేబులు వెంట ఇంట చేరును. అంతస్తుల భవనములలో కరెంటు తీగలకు వేరుగా నిలువు గొట్టము ఏర్పరచి, ఒక్కొక్క అంతస్తునను పంపిణీ పెట్టె బిగింతురు. మేకు కొట్టి మడత పెట్టిన కేబులు తెగినట్లు కనబడదు గాని వెలుగు మలుపులో కారిపోవును. కొసను కంటి యెదుట పెట్టుకొని చూడరాదు. అందులోని వెలుగు కంటికి కానరాదు గాని కంటిని చెరుపును.

మరియొక భేదము కలదు. పాత రాగి టెలిఫోనునకు 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్ఛేంజీనుండియే వచ్చెడిది. ఇంట దీపమారినను ఫోను పలికెడిది. గాజు వెలుగును మాత్రమే తెచ్చును. ఇంటిలోని పెట్టెకు కరెంటు మనమే ఇయ్యవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగరును ముంచినపుడు దినముల తరబడి విద్యుత్తు లేదు. అట్టివేళ తంతువు చెక్కుచెదరకున్నను పెట్టె మూగదే. బ్యాటరీతో నడచు మన రేడియోకు ఆ బాధ లేదని ఇక్కడ కొంచెము గర్వపడితిమేని పాఠకులు క్షమింతురు గాక!

ఆ పెట్టె సాధారణముగా 12 వోల్టులది. చిన్న బ్యాటరీ ఒకటి జతపరచినచో కొన్ని గంటలు పనిచేయును. వీధిలోని పరికరమునకును కరెంటుండవలె ననుకొనుడు. అయినను మన వంతు మనము చేయవచ్చును. పనివాడు వచ్చిన దినమున పెట్టెను టేబులు క్రింద గాక, కిటికీకి పైయెత్తున గోడకు బిగింపుమనుడు. ఇంటిలోపల కూడ ఒకటి రెండు మీటర్ల కేబులును వెడల్పుగా చుట్టి విడువుమనుడు.