అరుగుకు పర్మిషన్

మా మాదిగపల్లెలో ఏ ఇంటికీ అరుగుండేది కాదు. ఊళ్లో మాత్రం ఇంటికి రెండేసి. మావాళ్లకు కట్టుకోవడం తెలవదేమో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఊళ్లో ఆ అరుగులకు మట్టి మోసిందీ, రాళ్లు పరిచిందీ మా అబ్బలే గదా అన్న ఆలోచనే రాలేదు నాకు.

అరుగంటే బజారుకు మొగం పెట్టి ఎత్తున కూచునే చోటు. ఆసామి బజార్న పోతుంటే దాని మీద కూచున్నోడు లేవాలి. లేవకపోతే పొగరు. అరుగే లేకుండా చేస్తే ఆ తగువే ఉండదు. అదీ ఊరి రూలు, ఏ కాగితమ్మీదా ఉండదు.

అంటరానోళ్లు చేస్తే నేరమని ఊళ్లు లెక్కగట్టే పనుల్ని అంబేద్కర్ వరసగా రాసిపెట్టాడు. అందులో పెంకుటిల్లు కట్టుకోవడం ఉంది. చెప్పులు, గడియారం, గుర్రమెక్కడం, హిందువు ముందు కుర్చీలో కూచోవడం ఉన్నాయి. ఆయన పోయిన చాన్నాళ్లకు, 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల అయిదో సంపుటంలో అది అచ్చయింది. చదువుతుంటే ఆ వరసలో అరుగును కూడా నేనే చేర్చుకున్నా.

1981 ఎండాకాలంలో మా నాయన అరుగు కట్టాడు. మూడు సెంట్ల పట్టా స్థలం. మాది పల్నాడు, నాపరాళ్లకు కొదవలేదు. విరిగిన బండలు నెత్తిన మోసుకొచ్చి, రెండున్నర అడుగుల వెడల్పున వేశాడు. మా జేజి ఆ సాయంత్రమే దాని మీద కూచుని వక్క నమిలింది. వారం తిరక్కుండా పంచాయతీ బంట్రోతు కాగితం తెచ్చాడు. బజారు ఆక్రమించారు, తీసేయాలి అని.

1964 గ్రామ పంచాయతీల చట్టం కింద బజారు ఆక్రమణలు తీయించే అధికారం పంచాయతీకి ఉండేది. అది మంచి రూలే, బండ్లు తిరగాలి గదా. మా నాయన ఆ రూలు తప్పనలేదు. పెద్దాయన దగ్గరికి పోయి, "అయ్యా, టేపు పట్టుకోని ఊరి బజారు కూడా కొలవండి" అన్నాడు. అంతే.

"ఏందిరా, నువ్వు మాకు కొలతలు చెప్పేటోడివయ్యావా?"

ఊరి బజారు ఎవరూ కొలవలేదు. మా అరుగును మాత్రం గడ్డపారలతో లేపారు. లేపింది కూడా మా పల్లె కూలోళ్లే. వాళ్లనేం అనను, సాయంత్రానికి గింజలు కావాలి వాళ్లకు.

అప్పటికే 1955 చట్టం ఉంది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. దాని నాలుగో సెక్షన్లో, అంటరానితనం పేరున ఒక మనిషిని ఎక్కడైనా సరే ఇల్లు కట్టుకోనీకుండా, కొనుక్కోనీకుండా, అందులో ఉండనీకుండా అడ్డుకుంటే నేరమని రాసి ఉంది. ఆరు నెలల దాకా జైలు. మా నాయనకు ఆ సంగతి చెప్పినోడు లేడు. చెప్పినా ఏమయ్యేది? పంచాయతీ కాగితంలో కులం మాట లేదు. బజారు అని ఉంది. కులం ఎప్పుడూ అట్లనే రూలు చాటున నిలబడుతుంది. అందుకే చెబుతున్నా, చట్టం చదువుకునే పిల్లలు రూలేముందో చూసి ఆగొద్దు, అది ఎవరింటి ముందు అమలైందో కూడా చూడాలి.

ఆ సంవత్సరం వానలకు ముందు మా నాయన ఇంకో పని చేశాడు. ఇంటి ముందు గోడ పడగొట్టి, రెండున్నర అడుగులు లోపలికి జరిపి కట్టాడు. మిగిలిన చోట అవే నాపరాళ్లు పరిచాడు. అరుగు ఇప్పుడు పట్టా లోపలే ఉంది, బజారు వెడల్పు బజారుకుంది. బంట్రోతు వచ్చి కొలుచుకుని పోయాడు. దానికి మేం ఇచ్చుకున్నది మా అర్ర. ఉన్న ఒక్క అర్రా చిక్కిపోయింది. నేనూ మా తమ్ముడూ పదో తరగతి దాకా కాళ్లు ముడుచుకునే పడుకున్నాం. ఇప్పటికీ నాకు కాళ్లు చాపి పడుకుంటే నిద్ర పట్టదు.

పెద్దాయన బజార్న పోయిన మొదటి రోజు మా నాయన అరుగు మీదే ఉన్నాడు. చుట్ట కాల్చుకుంటున్నాడు. మా అమ్మ లోపలినుంచి "లెయ్యి, లెయ్యి" అంటానే ఉంది. మా నాయన చుట్ట ఆర్పాడు గానీ లేవలేదు.