పండగ పద్దు



సంక్రాంతి ప్రత్యేక సంచికకు పండగ చరిత్ర గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు, గంగిరెద్దుల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. గుమస్తాగా బతికినవాడిని కావున, పండగకు లెక్క పుస్తకంలో ఉన్న చోటు గురించి నాలుగు మాటలు రాస్తాను. ఇందులో మా ఇంటి సంగతి కూడా ఉంది. అది అంత మంచి సంగతి కాదు.

మాది కంచిలి దగ్గర ఒక పల్లె. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతం గంజాం జిల్లాలోనిది. తరువాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. జిల్లాలు మారినా పెద్దపండగ పద్ధతి మారలేదు. పుష్యమాసం నాటికి వరి కోసి, నూర్చి, ధాన్యం కళ్లం దాటి ఇంటికి చేరుతుంది. ఏడాది మొత్తంలో రైతు చేతిలో సొమ్ము ఆడేది ఆ నాలుగు రోజులే. కావున బాకీల వసూలు, కొత్త అప్పులు, కంబారుల కుదుర్పు అన్నీ పండగ దగ్గరే జరిగేవి.

కంబారి అంటే నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఒక రైతు ఇంట ఏడాది పొడుగునా ఉండి, పశువులను చూసి, నాగలి పట్టి, రాత్రి కళ్లానికి కాపలా పడుకునే మనిషి. పక్క జిల్లాల్లో పాలేరు అంటారు. మా ఇంట కంబారి ఏడు భోగితో ముగిసి కనుమ మర్నాడు మళ్లీ మొదలయ్యేది. నడుమ ఉన్న మూడు రోజులే ఆ మనిషికి సెలవు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గాని, పశువులను కడిగి, కొమ్ములకు రంగు వేసేది అతనే. నాన్నగారికంటే పెద్దవాడైనా మేం గుంటలం అతన్ని పేరు పెట్టి, ఒరే అని పిలిచేవాళ్లం. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి నాడు పెద్దలకు కొత్త బట్టలు చూపించి దండం పెట్టడం మన వైపు ఆచారం. అదే పూట నాన్నగారు కంబారికి ఒక పంచె, ఇంటిదానికి చీర, ఒక కుంచం బియ్యం, బెల్లం ఇచ్చేవారు. అతను కళ్లకద్దుకుని తీసుకునేవాడు. మా నాన్నగారు ధర్మాత్ములని నేను గర్వపడేవాడిని.

1991లో నాన్నగారు పోయారు. పెట్టెలోని చిట్టాలు సర్దుతూ ఉంటే కంబారి ఖాతా కనబడింది. భార్య వైద్యానికి అతను 1956 సంక్రాంతికి తీసుకున్న అప్పు 120 రూపాయలు. తిండి గింజలు పోను జీతంలో ఏడాదికి 30 రూపాయలు అప్పు కింద జమ. వడ్డీ నెలకు నూటికి రూపాయి పావలా, అంటే మొదటి ఏడాది 18 రూపాయలు. అంతవరకు బాగానే ఉంది. కింద ఇంకొక పద్దు ఉంది. "పండగ ఖర్చు, రూ. 15." పంచె, చీర, బియ్యం, బెల్లం అన్నీ అతని అప్పులోనే రాసి ఉన్నాయి. పద్దు పక్కన వేలిముద్ర.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. వడ్డీ 18, పండగ 15, కలిపి 33. జమ 30. అప్పు ఏటా తరగవలసింది పోయి పెరిగింది. పన్నెండు సంక్రాంతులు గడిచేసరికి, 1968 నాటికి, 207 రూపాయలు నిలువ చూపించారు. పండగ పద్దు ఒక్కటి లేకపోతే ఆ అప్పు ఏడో ఏట తీరిపోయేది. అతను 1968లోనే చనిపోయాడు. ఖాతా మీద కొడుకు పేరు ఎక్కింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. కాళీపట్నం రామారావుగారు 1964లో ‘యజ్ఞం’ రాసింది మన జిల్లా పల్లెను గురించే. అప్పు కింద వంశమంతా కంబారితనం చెయ్యవలసి వస్తుందన్న బాధతో తన బిడ్డనే చంపుకున్నవాడి కథ అది. అంతకు ముందు 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో అడవి హక్కుల గొడవలో కాల్పులు జరిగి వీరగున్నమ్మ ప్రాణాలు విడిచింది. 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. జమీందారు పోయాడు గాని కంబారి ఖాతా పోలేదు. దానిని రాసేది జమీందారు కాదు, మాబోటి చిన్న రైతులే.

పండగను ఇలా వాడుకోవడం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన జీవిత కథ రాశారు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా యజమానులు బానిసలకు సెలవిచ్చి, తాగమని ప్రోత్సహించేవారట. వారిలో తిరుగుబాటు బుద్ధి పుట్టకుండా ఉండటానికే ఆ సెలవులని ఆయన అభిప్రాయం. జనవరి 1 వస్తే బానిసలను మరో ఏడాదికి అద్దెకిచ్చే రోజు. తల్లికి బిడ్డ దూరమయ్యేది ఆ రోజునే అని హారియట్ జేకబ్స్ 1861లో రాశారు. ఇవి చదివినప్పుడు మా ఇంటి కనుమ మర్నాడు గుర్తొచ్చింది.

ఇక నా పాత్ర. 1975 అక్టోబరులో వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. అటువంటి అప్పులన్నీ చెల్లనివని, పని చేయించినవారికి మూడేళ్ల వరకు శిక్ష అని అందులో ఉంది. అది అటువంటి అప్పు కాదని రుజువు చేసుకునే బాధ్యత కూడా యజమానిదే. అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్లు. నేను పనిచేసే కార్యాలయానికి నమూనా ఫారం వచ్చింది. చట్టంలో వెట్టి, జీతా, భాగేలా, పాలేరు మొదలైన పేర్లు వరసగా ఉన్నాయి. "కంబారి అన్న మాట లేదు కదా" అని పక్క సీటు పెద్దాయన అన్నాడు. పేరు ఏదైనా చట్టం వర్తిస్తుందని నాకు తెలుసు. గ్రామాల నుంచి వచ్చిన జవాబులన్నీ ‘లేరు’. వాటిని కూడి, నా చేత్తోనే ‘శూన్యం’ అని రాసి సంతకానికి పెట్టాను. ఆ రోజుకు కంబారి కొడుకు మా పశువుల సాలలో ఉన్నాడు.

నాకు ఆ ఏడు పండగ అడ్వాన్సు వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. వడ్డీ లేకుండా పది వాయిదాల్లో కోసేవారు. పదకొండో నెల జీతం పూర్తిగా చేతికొచ్చేది. నా పండగ అప్పుకు గడువు ఉంది, అతని పండగ అప్పుకు లేదు.

అతను 1978లో ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. "విశ్వాసం లేని మనిషి" అని నాన్నగారు అంటే నేనూ అన్నాను.

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి రద్దీలో సోంపేట స్టేషనులో అతను కనబడ్డాడు. మన కంచిలిలో ఉన్నా దాని పేరు సోంపేటే కదా. మనవలతో రైలు దిగాడు. ఇంటికి తీసుకెళ్లి చిట్టా చూపించి, నా లెక్క చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "ఆ పంచె ఊరికే ఇచ్చినారనే మా అయ్య అనుకునీవోడు బాబూ. పెద్దలకాడ పెట్టి, మీ నాన్నగారి పేరు చెప్పి దండం పెట్టీవోడు."

నేను క్షమించమని అడగలేదు, నోరు రాలేదు. చిట్టాలో ఆ పేజీలు విప్పి అతని చేతికిచ్చాను. మనవరాలు చదువుకున్న పిల్ల. తాతను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పద్దూ పైకి చదివింది.

ఈ వ్యవహారం ముగిసిందనుకోవద్దు. ఒడిశా పశ్చిమ జిల్లాల్లో నువాఖాయి పండగ నాళ్లలో అడ్వాన్సులిచ్చి కూలీలను తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు తీసుకొచ్చే పద్ధతి ఉంది. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే అది 1976 చట్టం కిందికే వస్తుంది. కలెక్టరుగారికి ఒక అర్జీ రాయడం మనబోటివాళ్లకు కష్టం కాదు.

మన ఇళ్లల్లో పనిచేసేవారికి పండగకు బట్ట పెడతాం. దానిని జీతంలో కోయకండి. అడ్వాన్సు ఇస్తే ఎన్ని వాయిదాలో ముందే చెప్పి, కాగితం వారి చేతికే ఇవ్వండి. పెద్దల చిట్టాలు ఇంకా ఉన్నవారు ఒకసారి తీసి చూడండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.