చరిత్రకెక్కని చేప

నిజామాబాద్ జిల్లా ఆధునిక చరిత్ర ప్రధానంగా నీటి చరిత్ర. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, దాని కాలువల కింద పెరిగిన చెరకు, ఆ చెరకు కోసం 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 1963 జూలై 26న గోదావరిపై నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు - ఈ వరుస అందరికీ తెలిసిందే. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు, తడిసిన ఎకరాల లెక్క, ఆడిన చెరకు లెక్క కాగితాల్లో దొరుకుతాయి. ఆ నీళ్లలో బతికిన ప్రాణుల లెక్క, వాటి మీద బతికిన మనుషుల లెక్క ఈ చరిత్రలో ఎక్కడ? ఈ లోపం యాదృచ్ఛికమని అనుకోలేం.

గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి దగ్గర నిలబడి చూస్తే నదికి ఒక పంచాంగం ఉండేదని అర్థమవుతుంది. తొలకరి కొత్తనీరు రాగానే బొచ్చె, రవ్వ వంటి చేపలు ఏటికి ఎదురెక్కుతాయి. వరద ముంచిన పల్లపు నేలల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు ఆ బురదలో, గడ్డిలో దొరికే సూక్ష్మజీవులను తిని పెరుగుతాయి. వరద తీస్తే నదిలోకి తిరిగి వస్తాయి, ఎండాకాలం మడుగుల్లో తలదాచుకుంటాయి. గంగపుత్రుల వల, తెప్ప, ఆకలి అన్నీ ఈ పంచాంగాన్ని అనుసరించే నడిచాయి.

ఆనకట్ట ఈ పంచాంగాన్ని మార్చేసింది. ఎదురెక్కే చేపకు అది గోడ. విద్యుత్ కేంద్రం సంగతి ఇంకా లోతుగా చూడవలసి ఉంది. జల విద్యుత్తు నీటిని ఖర్చు చేయదని, తిప్పుకొని వదిలేస్తుందని మనం చదువుకున్నాం. నిజమే, కాని ఎక్కడికి వదులుతుంది? తరువాత శ్రీరాంసాగర్ అయిన పోచంపాడులో 36 మెగావాట్ల కేంద్రం కాకతీయ కాలువ మొదట్లో ఉంది. టర్బైన్లు తిప్పిన నీరు కాలువలోకి పోతుంది, నదీగర్భంలోకి తిరిగి రాదు. 1983లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఎన్టీపీసీ కేంద్రం కూడా ఈ కాలువ నీటిమీదే ఆధారపడింది. పైరుకు, కరెంటుకు ఒక కాలపట్టిక ఏర్పడింది. దిగువ గోదావరికి మాత్రం గేట్లెత్తినప్పుడే వరద. చేప గుడ్డు పెట్టే వేళ ఆ పట్టికలో ఏ గడిలోనూ లేదు.

నీటితోపాటు ఒండ్రు కూడా ఆగింది. సుమారు 30 టీఎంసీల నిజాంసాగర్ 1970ల నాటికి 12 టీఎంసీల లోపుకు పూడింది. 112 టీఎంసీల శ్రీరాంసాగర్ 1994 సర్వే నాటికి 90కి తగ్గింది. ఇంజనీరు దీన్ని జలాశయానికి నష్టంగా లెక్కించాడు. దిగువన నదికి అందవలసిన మేత ఇక్కడే నిలిచిపోయిందన్నది లెక్కలోకి రాలేదు.

ఇక చెరకు. చక్కెర మిల్లు, డిస్టిలరీ వ్యర్థజలం శుద్ధి కాకుండా వాగులో కలిస్తే అందులోని తీపిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. గాలి పీల్చగల కొర్రమట్ట కొంత తట్టుకుంటుంది, తక్కినవి చస్తాయి. చెరకు వేలమందికి అన్నం పెట్టిన మాట కాదనలేం. 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడినప్పుడు కార్మికుల, రైతుల దుఃఖం న్యాయమైనది. వారికి సంఘం ఉంది, హాజరుపట్టీ ఉంది, కాటా చీటీ ఉంది. వలకు చిక్కని చేపకు చీటీ ఎవరిస్తారు?

భూసేకరణ పట్టా ఉన్న నేలను కొలిచింది. నదికి పట్టా లేదు. జీవనాధారం కోల్పోయే వారిలో మత్స్యకారులను, పడవ నడిపేవారిని పేరు పెట్టి చేర్చిన చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో బాబ్లీ కేసులో సుప్రీంకోర్టు, జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు తెరిచి ఉంచాలని, మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలని తీర్పిచ్చింది. వివాదం రాష్ట్రాల మధ్య. అందులో నది కక్షిదారు కాదు.

ఇవాళ జలాశయాల్లో ప్రభుత్వం చేపపిల్లలను వదులుతున్నది. మత్స్యకారుడికి అది కొంత ఆసరా. అయితే నది తానుగా కన్న చేప వేరు, టెండరు పెట్టి కొని పోసిన చేప వేరు. మొదటిది వానకు కట్టుబడి ఉంటుంది, రెండోది బడ్జెట్టుకు.

ప్రకృతిపై సాధించిన విజయాలకు మురిసిపోవద్దని, ప్రతి విజయానికీ అది ప్రతీకారం తీర్చుకుంటుందని ఎంగెల్స్ ఏనాడో హెచ్చరించాడు. అభ్యుదయ సాహిత్యం ఆనకట్టను శ్రమ విజయంగా కీర్తించింది, ఆ శ్రమ నిజమైనదే. కాని దొరల పల్లకీలు వెట్టికి మోసిన బెస్త, ఆనకట్ట కట్టాక ఏమయ్యాడని మన కథ ఎంతవరకు అడిగింది? కందకుర్తిలో, పోచంపాడులో వల వేసిన వృద్ధులు ఇంకా ఉన్నారు. ఏ మడుగులో ఏ కార్తెకు ఏ చేప పడేదో వారికి తెలుసు. ఆ జ్ఞానం ఏ ఆఫీసు ఫైలులోనూ లేదు. దాన్ని వారి మాటల్లోనే రాసి ఉంచడం పరిశోధక విద్యార్థులూ రచయితలూ ఇప్పుడే చేయవలసిన పని.