కుడి స్టీరింగు కారు - ఓడ దిగిన వైనము

పరదేశములలో ఉద్యోగము చేసి తిరిగివచ్చువారు వాడుకొన్న కారునుకూడ వెంట తెచ్చుకొనవలెనని ఆశపడుట మనము ఎరిగినదే. ఆశపడుట ఒక యెత్తు, ఆ కారు రేవుదాటి మన వీధిలోనికి వచ్చుట మరియొక యెత్తు. మా కుటుంబములో ఒక కారు అట్లు వచ్చినది గనుక, ఈ సంగతి కొంత కాగితములలో చదివియు, కొంత అనుభవించియు ఎరుగుదుము.

మొదట స్టీరింగు మాట చెప్పవలెను. మనము రోడ్డునకు ఎడమప్రక్కగా పోవుదుము. ఇది ఇంగ్లీషువారి అలవాటు. 1835లో వారి దేశపు రహదారి చట్టములో స్థిరపడి, వారి ఏలుబడిలోనున్న దేశములలో చాలవాటికి ప్రాకినది. ఎడమప్రక్కగా పోవు బండిని నడుపువాడు కుడిప్రక్కన కూర్చున్నయెడల రోడ్డు నడిమికి దగ్గరగా ఉండును. ముందున్న లారీని దాటబోవునప్పుడు ఎదుటనుండి వచ్చునది అతనికి కనబడును. ఎడమప్రక్కన కూర్చున్నవాడు లారీ వెనుకభాగమునే చూచుచుండును. ఇది అందరును చెప్పుదురు గాని, దీపముల మాట ఎవరును చెప్పరు. డిమ్ము చేసినప్పుడు మన కార్ల దీపపు వెలుగు ఎడమవైపు రోడ్డు అంచుమీదికి వంగునట్లు అమర్చబడి యుండును. కుడిప్రక్కగా పోవు దేశములకొరకు చేసిన కారు దీపము మన రోడ్డుమీద ఎదుటివాని కండ్లలో కొట్టును. మాకు తోచినంతవరకు రాత్రివేళ స్టీరింగు కన్న దీపమే ఎక్కువ ప్రమాదము.

మొదటి దినములలో ఈ విషయమై చిక్కులు లేవు, డబ్బు ఉండిన చాలును. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో పసుపుపచ్చ రంగు రోల్స్ రాయిస్ ఒకటి ఇప్పటికిని చూడవచ్చును. దానిని ఆర్డరు చేసినవారు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారు. కారు రాకమునుపే 1911లో ఆయన గతించిరి. సామాన్యులలో కలిగినవారు కొనినవి అమెరికా కార్లు. అమెరికాలో స్టీరింగు ఎడమప్రక్కన గదా, మనకు కుడిప్రక్కన ఎట్లు వచ్చినదని అడుగవచ్చును. ఫోర్డువారు ఆంగ్ల సామ్రాజ్యపు దేశములకు కెనడాలోని తమ కర్మాగారమునుండి కుడి స్టీరింగు కార్లు పంపెడివారు. 1926లో ఫోర్డువారు, 1928లో జనరల్ మోటార్స్‌వారు మన దేశముననే భాగములు బిగించు షెడ్లు పెట్టిరి.

యుద్ధము వచ్చి అంతయు మార్చినది. 1940లో దిగుమతులమీద అదుపు మొదలైనది. 1947లో దానికి చట్టరూపము వచ్చినది. 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ప్రభుత్వము నిలిపివేసినది. ఇక్కడ కార్లు తయారుచేయు ఏర్పాటు లేనివారు వెళ్లిపోవలసివచ్చి, 1954 నాటికి ఆ రెండు అమెరికా కంపెనీలును మూసుకొనిపోయెను. మనకు మిగిలినవి అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు. డబ్బు కట్టి సంవత్సరముల తరబడి కాచుకొనిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును.

అయినను రెండు సందులు మిగిలినవి. రాయబార కార్యాలయములవారు వాడి విడిచిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ తీసికొని టెండరు మీద అమ్మెడిది. రెండవది, విదేశమునందు కాపురముండి శాశ్వతముగా తిరిగివచ్చు వ్యక్తి, తన సంపాదనతో కొని అక్కడ తాను వాడిన కారును పర్మిట్టు మీద తెచ్చుకొనుట.

ఈ రెండవ దారి అందరికిని ఒక్కరీతిగా తెరువలేదు. గోదావరి జిల్లాలనుండి, కడపనుండి కువైట్టునకు, సౌదీకి వెళ్లినవారు ఎందరో. అక్కడ కుడిప్రక్కగా నడుపుదురు, స్టీరింగు ఎడమప్రక్కన. ఆ కారు ఎంత మంచిదైనను అక్కడనే విడిచి రావలెను. ఇంగ్లండునుండి, సింగపూరునుండి, తూర్పు ఆఫ్రికానుండి వచ్చువారికి ఆ తంటా లేదు.

మా చిన్నాన్నగారు జాంబియాలో లెక్కల ఉపాధ్యాయులుగా పదకొండు సంవత్సరములు పనిచేసిరి. జీతములో కొంతభాగమునే స్వదేశమునకు పంపుకొననిచ్చెడివారు. మిగిలినది అక్కడనే వస్తువుగా మార్చుకొనవలెను. ఆయన 1973 నాటి ప్యూజో 404 కారుగా మార్చిరి. 1979లో తిరిగివచ్చునప్పుడు దానిని రైలుమీద దారెస్సలామునకు, అచటనుండి ఓడమీద పడమటి తీరపు రేవునకు పంపిరి. దానిని అమ్మి ఊరిలో ఇల్లు కట్టవలెనని చిన్నమ్మగారితో కలిసి లెక్క వేసికొనిరి.

రేవులో తెలిసినది, ఓడ కాగితములో ఇంజను నంబరునందు 3కు బదులు 8 పడినదని. క్లియరింగు ఏజెంటు గుమాస్తా చేసిన తప్పు. కారు ఎదుటనే ఉన్నది, నంబరు లోహముమీద చెక్కియున్నది, కాగితము మాత్రము ఒప్పుకొనదు. సవరణ పత్రము ఆఫ్రికానుండి వచ్చువరకు నలువదియొక్క దినములు పట్టినది. అన్ని దినములును డెమరేజీ లెక్క పెరుగుచునే యుండెను. చిన్నాన్నగారు లాడ్జిలో ఉండి ప్రతిదినము రేవు గేటువరకు పోయి వచ్చెడివారు. చిన్నమ్మగారు తన గాజులు రెండు తీసి మా నాన్నగారికి ఇచ్చి, "బావగారూ, ఈ సంగతి ఆయనకు చెప్పకండి" అనిరి. నాన్నగారు చెప్పలేదు, డబ్బు మాత్రము పంపిరి.

సుంకపు లెక్కయు తెలిసికొనదగినది. పాత కారునకు మనము కొనిన ధర చూడరు. తయారైన సంవత్సరములో ఆ కారు క్రొత్తదానికి ఉన్న ధర తీసికొని తరుగు పోగొట్టుదురు. కస్టమ్సువారు పాటించు పద్ధతిలో మొదటి సంవత్సరము మూడేసి నెలలకు నూటికి 4 వంతున, రెండవ సంవత్సరము 3, మూడవ సంవత్సరము రెండున్నర, ఆ పిమ్మట 2 వంతున తీసివేయుదురు. మొత్తము తరుగు 70 దాటరాదు. అనగా మూడేండ్ల కారునకు 38 పోయి 62 మిగులును. పది లక్షల కారు ఆరు లక్షల ఇరువది వేలు. దానికి ఓడ కిరాయి, భీమా చేర్చవలెను. సుంకము నూటికి నూరే అనుకొన్నను, మరల అంత సొమ్ము కట్టవలెను.

2001 ఏప్రిల్ 1న పాత కార్ల దిగుమతికి తలుపు తీసిరి గాని, గడప ఎత్తుగనే పెట్టిరి. కారు తయారై మూడు సంవత్సరములు మించరాదు, స్టీరింగు కుడిప్రక్కన ఉండవలెను, వేగపు మీటరు కిలోమీటర్లలో ఉండవలెను, దీపములు ఎడమప్రక్క ప్రయాణమునకు తగినవై యుండవలెను, ముంబయి రేవునందే దిగవలెను. దీపముల మాట నిబంధనలో చేర్చుట మాకు మెచ్చదగినదిగా తోచినది. మూడేండ్ల హద్దు మాత్రము పది సంవత్సరములు ఒకే కారు జాగ్రత్తగా వాడుకొన్నవానికి అన్యాయమే. చిన్నాన్నగారి ఆరేండ్ల ప్యూజో ఈ నిబంధన క్రింద ఓడ దిగియే యుండెడిది కాదు.

అప్పుడు దిగినది. ఇంటికి వచ్చిన పిదప పర్మిట్టు చదివినప్పుడు, ఐదు సంవత్సరములు అమ్మరాదన్న షరతు కంటబడినది. ఇల్లు ఆగిపోయినది. విడిభాగములు దొరకక, క్లచ్చి ప్లేటు అరిగినప్పుడు బెజవాడ మేస్త్రీ ఒకడు వేరొక బండి ప్లేటును సానబట్టి అమర్చెను. ఐదేండ్లు గడచునప్పటికి క్రొత్తగా మారుతి కార్లు రోడ్డెక్కినవి, ప్యూజోను అడుగువారు లేరు. చివరకు ఆ మేస్త్రీయే కొనుక్కొనెను. వచ్చిన సొమ్ముతో చిన్నాన్నగారు మొదట చేసినది, నాన్నగారిని ఏమియు అడుగకయే, రెండు గాజులు చేయించి తెచ్చుట.