పాతర: భూమిలో దాచిన ఎయిర్‌టైట్ డబ్బా

సినిమాలో హీరో "పాతరేస్తా" అంటే మనం విజిల్ కొడతాం. అదే మాట ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో ముసలోళ్ల దగ్గర అనండి, వాళ్లకు జొన్నలు గుర్తొస్తాయి.

పాతర అంటే భూమిలో తవ్విన ధాన్యం గొయ్యి. నీళ్లు ఊరని గట్టి నేల చూసి తవ్వేవాళ్లు. మూతి చిన్నది, లోపల కడుపు పెద్దది, కుండ లాగా. అడుగున, చుట్టూ గడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు నింపి, పైన మట్టితో మూసేసేవాళ్లు. ఏళ్ల తరబడి నిలవుండేవి.

ఎలా అంటే, గింజలూ ఊపిరి పీలుస్తాయి, వాటిలోని పురుగులూ పీలుస్తాయి. మూసిన గొయ్యిలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, పురుగులు చచ్చిపోతాయి. అందుకే పాతర తెరవగానే ఎవరూ దిగరు. కాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దింపి చూస్తారు. ఆరిపోయిందా, ఇంకా ఆగాల్సిందే. తొందరపడి దిగితే ప్రాణం పోతుంది. 1980ల చివర్లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల కోసం మూడు పొరల సంచి తయారుచేశారు. సూత్రం ఇదే!

మరి ఇంత తెలివి ఉండి కరువులో ఎందుకు చచ్చిపోయాం? 1876లో వానలు పోయి ధాత కరువొచ్చింది. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది, కర్నూలులో కలిసింది 1953లో. మద్రాసు-రాయచూరు రైలు 1871కే ఆదోని మీదుగా పోతోంది. అంటే బయటి ధాన్యం వచ్చే దారుంది, కొనే డబ్బు లేదు. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు, ఎండలో రాళ్లు కొట్టే మనిషికి! ఇక పాతరంటారా, నింపడానికి పంట ఉండాలి, పంటకు భూమి ఉండాలి. కూలోడికి ఆ రెండూ ఎక్కడివి?

ఇప్పుడు పాతర స్థానంలో ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది. పోయినేడు మా ఇంట్లో జొన్నలు డ్రమ్ములో పోసి మూత గట్టిగా బిగించింది నేనే. మూడు నెలలకు తెరిస్తే బూజు వాసన. మట్టి కొంచెమన్నా తేమ పీలుస్తుంది, ప్లాస్టిక్ ఎక్కడి తేమను అక్కడే పెడుతుంది. పైగా నేను సగమే నింపా, మిగతా సగం గాలే కదా.

మా అవ్వ ఒకటే అడిగింది: "కొరికి చూసినావా నాయనా?" ఎండిన జొన్న పంటి కింద టక్కుమని పగులుతుందంట, పచ్చిది నలుగుతుందంట. నా బీటెక్‌లో ఆ యూనిట్ లేదు.