ఒక దుంగ, రెండు చెహరాలు

మా గోదావరిఖని పిల్లలు హైదరాబాద్ పోతే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక చెక్క బొమ్మ దగ్గర ఆగిపోతారు. ఎదురుగా చూస్తే గరూర్‌తో ఛాతీ విరుచుకున్న షైతాన్, మెఫిస్టోఫిలిస్. వెనకున్న అద్దంలో చూస్తే తల దించుకొని, చేతిలో దువాల కితాబు పట్టుకున్న మార్గరెట్టా. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఇద్దరినీ ఒకే దుంగలో చెక్కారు. జనం దీన్ని నజర్ కా ధోకా అంటారు. నాకు అందులో ధోకా కనిపించదు. ఒక్కచోటనే నిలబడి ఫైసలా చేసేది మనమే.

ఈ సంగతి మన బుజుర్గులకు తెలుసు. బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దంలో ఖాహిరాలో 'కితాబుల్ మనాజిర్' రాశాడు. కన్ను ఎక్కడెక్కడ పొరపడుతుందో చెప్పడానికే అందులో ఒక పూరా భాగం పెట్టాడు. కన్ను వెలుగును అందుకుంటుంది, అందాజా వేసేది అఖల్ అన్నది ఆయన ఇల్మ్ సారం.

మన దక్కన్ కారీగర్లకూ ఈ హునర్ వచ్చు. 17వ శతాబ్దపు కొన్ని తస్వీరుల్లో దూరం నుంచి ఒక్క జంతువే కనిపిస్తుంది. దగ్గరికి పోతే దాని ఒళ్లంతా మనుషులు, పక్షులు, మృగాలు. ఇక పేరును ఒకసారి సీదాగా, ఒకసారి అద్దంలోలా ఉల్టాగా రాసి మధ్యలో కలిపే ఖతాతీని ముసన్నా అంటారు. దాన్ని లోహంలోకి తేవాలంటే ఖత్తాత్ రాయాలి, ఇంకో కారీగర్ కోయాలి. ఇద్దరి చేతులు కలవాలి.

మన ఊరి పేరే చూడండి. 'ఖని' సంస్కృత మాట. మనం ఉర్దూలో గనిని 'కాన్' అంటాం, అది ఫారసీ. రెండింటి వెనకా తవ్వడం అనే ఒకే పాత ధాతువు ఉంది.

మన తవారీఖ్ కూడా ఆ దుంగ లాంటిదే. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం సర్కారు అందులో ఎక్కువ షేర్లు కొన్నది. గోదావరిఖని గనులు ఆ తర్వాతవి. మన ఇళ్లల్లో ఆ జమానా అంటే ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా దవాఖానా, సింగరేణి. పక్కింట్లో అదే జమానా అంటే వెట్టి, దొరల గడీలు, రజాకార్ల జుల్మ్. రెండూ సచ్చే.

1948 సెప్టెంబర్ 17 కూడా అంతే. కొందరికి అది విమోచనం, కొందరికి విలీనం. మన నానీమాల నోట అది పోలీస్ యాక్షన్. ఆ తర్వాత జరిగిన ఖూనీల మీద నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ గమ్ మన పిల్లలకు తెలియాలి. రజాకార్ల చేతిలో చచ్చిన ఊళ్ల గమ్ కూడా మన నోటితోనే తెలియాలి. లేకపోతే మనం చెప్పేది సగం బొమ్మే అవుతుంది.

బద్‌గుమానీకి దూరంగా ఉండమన్నది ఖురాన్. పక్కింటివాళ్లు మన వైపు వచ్చి చూడాలని అడిగే హక్ మనకుంది. ముందు మనం రెండు అడుగులు వేసి వాళ్ల వైపు నుంచి చూస్తే, ఆ అడగడానికి బరువుంటుంది.