రక్త-నేత్రపటల అవరోధం

రక్త-నేత్రపటల అవరోధం అనగా రక్తంలోని పదార్థాలు కంటి లోపలి నేత్రపటలంలోకి విచ్చలవిడిగా ప్రవేశించకుండా అడ్డుకొనే కణాల కట్టడి. నేత్రపటలాన్నే రెటీనా అని కూడా అంటారు. ఈ అవరోధం రాతిగోడ వలె మార్పులేనిది కాదు. వృద్ధి కారకాలు అనబడే ప్రోటీనులు దీనిని బిగిస్తూ, సడలిస్తూ ఉంటాయి. వాటి సమతౌల్యం తప్పినచో నేత్రపటలంలో ద్రవం చేరి చూపు దెబ్బతింటుంది. మధుమేహం వలన కలిగే చూపు లోపానికి, నెలలు నిండకుండా పుట్టిన శిశువులలో వచ్చే అంధత్వానికి ఈ అసమతౌల్యం ఒక ముఖ్య కారణం.

నిర్మాణం

నేత్రపటలానికి రక్తం రెండు మార్గాలలో అందుతుంది కనుక అవరోధం కూడా రెండు భాగాలుగా ఉంటుంది.

* లోపలి అవరోధం: నేత్రపటలంలోని రక్తకేశనాళికల గోడ కణాలతో ఏర్పడుతుంది. ఈ నాళికలను చుట్టి ఉండే పెరిసైట్లు, సమీపంలోని ముల్లర్ కణాలు దీనికి అండగా ఉంటాయి.
* వెలుపలి అవరోధం: నేత్రపటలం వెనుకనున్న వర్ణక కణాల పొరతో ఏర్పడుతుంది. దాని వెనుకనున్న రక్తపటలంలోని కేశనాళికల గోడలకు సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాటి నుండి వెలువడే ద్రవాన్ని ఈ పొర ఆపుతుంది.

రెండు చోట్లా పక్కపక్క కణాలు బిగుతైన సంధులతో అతుక్కొని ఉంటాయి. ఆక్లూడిన్, క్లాడిన్ అనే ప్రోటీనులు ఈ సంధులలో ముఖ్యమైనవి. ఆక్సిజన్ ఈ కణాల గుండా సులభంగా దాటిపోతుంది. గ్లూకోజును ప్రత్యేక వాహక ప్రోటీనులు లోపలికి చేరవేస్తాయి.

వృద్ధి కారకాల ఆవిష్కరణ

ఆక్సిజన్ లోపించిన నేత్రపటలం రక్తనాళాలను పెంచే ఏదో పదార్థాన్ని విడుదల చేస్తుందని 1948లో మైకేల్సన్ ఊహించాడు. 1983లో సెంగర్, డ్వొరాక్ బృందం రక్తనాళాలను స్రవింపజేసే ఒక ప్రోటీనును కణితుల ద్రవంలో గుర్తించింది. 1989లో నెపోలియన్ ఫెరారా బృందం రక్తనాళ కణాలను వృద్ధి చేసే ప్రోటీనును వేరుచేసింది. ఈ రెండూ ఒకటేనని తరువాత తేలింది. దీనినే వి.ఇ.జి.ఎఫ్. అంటారు. మధుమేహ రోగుల కంటి ద్రవాలలో ఇది అధికంగా ఉన్నట్లు 1994లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది.

అవరోధ నియంత్రణ

వి.ఇ.జి.ఎఫ్. శరీరానికి శత్రువు కాదు. గర్భస్థ శిశువు నేత్రపటలంలో రక్తనాళాలు పెరగడానికి, పెద్దవారిలో నాళ కణాలు జీవించి ఉండడానికి ఇది అవసరం. మోతాదు మించినప్పుడే చేటు కలుగుతుంది. అది నాళ కణాలపై ఉన్న గ్రాహకాన్ని అంటుకొనగానే కణంలో రసాయన సంకేతాలు మొదలవుతాయి. ఆక్లూడిన్‌కు ఫాస్ఫేటు చేరి, అది సంధి నుండి కణం లోపలికి లాగబడుతుంది. ఫలితంగా సంధి సడలుతుంది.

మిగిలిన కారకాలలో ముఖ్యమైనవి:

* పి.డి.జి.ఎఫ్.-బి: పెరిసైట్లను రక్తనాళాల వద్దకు రప్పిస్తుంది.
* ఆంజియోపొయటిన్-1: టై-2 అనే గ్రాహకం ద్వారా నాళాలకు స్థిరత్వాన్ని ఇస్తుంది.
* ఆంజియోపొయటిన్-2: అదే గ్రాహకం వద్ద పై కారకానికి అడ్డుపడి నాళాలను బలహీనపరుస్తుంది.
* పి.ఇ.డి.ఎఫ్.: వర్ణక కణాల నుండి వెలువడి వి.ఇ.జి.ఎఫ్. ప్రభావాన్ని తగ్గిస్తుంది.

మధుమేహంలో మార్పులు

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి అధికంగా ఉన్నచో పెరిసైట్లు నశిస్తాయి, కొన్ని కేశనాళికలు మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందని కణాలు వి.ఇ.జి.ఎఫ్.ను అధికంగా విడుదల చేస్తాయి. అవరోధం సడలి, స్పష్టమైన చూపుకు ఆధారమైన పచ్చచుక్క వద్ద ద్రవం చేరి వాపు వస్తుంది. తొలి దశలో రోగికి ఏ లక్షణమూ తెలియకపోవచ్చు.

నెలలు నిండని శిశువులలో

నేత్రపటల రక్తనాళాలు గర్భంలో సుమారు 16వ వారం నుండి పెరగనారంభించి, నెలలు నిండే నాటికి అంచుల వరకు చేరతాయి. ముందుగా పుట్టిన శిశువులో ఈ పెరుగుదల అసంపూర్ణంగా ఉంటుంది. పుట్టిన తరువాత ఆక్సిజన్ అధికమైతే వి.ఇ.జి.ఎఫ్. తగ్గి నాళాల పెరుగుదల ఆగుతుంది. తల్లి నుండి అందవలసిన ఐ.జి.ఎఫ్.-1 కూడా లోపిస్తుంది. కొన్ని వారాల తరువాత నేత్రపటలానికి ఆక్సిజన్ అవసరం పెరిగి, వి.ఇ.జి.ఎఫ్. ఒక్కసారిగా హెచ్చుతుంది. అప్పుడు స్రవించే స్వభావం గల అసహజ నాళాలు పుట్టి, తీవ్ర దశలో నేత్రపటలాన్ని ఊడలాగుతాయి.

చికిత్స

వి.ఇ.జి.ఎఫ్.ను బంధించే రానిబిజుమాబ్, బెవాసిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ మందులను కంటిలోని కాచావత్ కక్ష్యలోకి సూదితో ఇస్తారు. ఒక్కసారికి ఇచ్చే పరిమాణం సాధారణంగా 0.05 మి.లీ. బెవాసిజుమాబ్ 2004లో పేగు కాన్సరుకు ఆమోదం పొందిన మందు. తక్కువ ధర వలన దీనిని కంటికి కూడా విస్తృతంగా వాడుతున్నారు. 2022లో అమెరికాలో ఆమోదం పొందిన ఫారిసిమాబ్, వి.ఇ.జి.ఎఫ్.తో పాటు ఆంజియోపొయటిన్-2ను కూడా నిరోధిస్తుంది. మందు ప్రభావం తాత్కాలికం కనుక పలుమార్లు ఇవ్వవలసి రావచ్చు. అరుదుగా కంటి లోపల ఇన్ఫెక్షన్ రావచ్చు. శిశువులలో ఈ మందు కొంత రక్తంలోకి చేరుతుంది. ఎదుగుతున్న ఇతర అవయవాలకు కూడా వి.ఇ.జి.ఎఫ్. అవసరం కనుక మోతాదు విషయంలో వైద్యులు జాగ్రత్త వహిస్తారు. లేజరు చికిత్స కూడా వాడుకలో ఉంది.

తెలుగునాట కృషి

1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించి నేత్రవ్యాధుల సర్వే జరిపింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఈ సర్వే జరిగింది. మధుమేహ నేత్రవ్యాధి కూడా ఇందులో పరిశీలించబడింది. జంటనగరాలైన హైదరాబాదు, సికింద్రాబాదులలోని నవజాత శిశు విభాగాలలో నెలలు నిండని శిశువుల కళ్ళను పరీక్షించే కార్యక్రమాన్ని కూడా ఈ సంస్థ చేపట్టింది.

పరీక్షలు ఎప్పుడు అవసరం

రెండవ రకం మధుమేహం గలవారు వ్యాధి నిర్ధారణ అయిన వెంటనే, మొదటి రకం వారు అయిదేళ్ళలోపు, కంటిపాపను పెద్దది చేసి చేసే పరీక్ష చేయించుకొనవలెను. తరువాత సాధారణంగా ఏటా ఒకసారి అవసరం. భారతదేశంలో 34 వారాలకు ముందు పుట్టిన లేదా 2,000 గ్రాముల కంటె తక్కువ బరువు గల శిశువులకు, పుట్టిన 30 రోజులలోపు మొదటి కంటి పరీక్ష జరగాలి. మరీ ముందుగా పుట్టిన శిశువులకు ఇంకా త్వరగా జరగాలి. శిశువు కన్ను పైకి మామూలుగా కనిపించినా లోపల వ్యాధి ముదరవచ్చును. నేత్రపటలం ఊడిన తరువాత చికిత్స చేసినా చూపు తిరిగి వచ్చే అవకాశం చాలా తక్కువ.